మనసులోని మాట, తెర మీది చుక్క

2006 మే నెలలో అంతర్జాలంలో ఒక నల్లని తెర తెరుచుకున్నది. దాని నిండా రంగురంగుల చుక్కలు, నీటిలో పురుగుల్లా అటూ ఇటూ పరుగులు తీస్తూ ఉండేవి. పసుపు చుక్కలు, ముదురు నీలం చుక్కలు, అక్కడక్కడ ఎర్రనివి. ఏదైనా ఒక చుక్క మీద నొక్కితే అది విచ్చుకుని ఒక వాక్యమయ్యేది. ఆ వాక్యం ఏ కవీ రాసినది కాదు. ప్రపంచంలో ఏదో ఒక మూల ఎవరో ఒక మనిషి కొద్ది నిమిషాల క్రితమో, కొద్ది రోజుల క్రితమో తన బ్లాగులో రాసుకున్న మాట. తనకు దిగులుగా ఉన్నదనో, ఈ రోజు కాస్త నయంగా ఉన్నదనో, తప్పు చేసినట్లున్నదనో రాసుకున్న మాట.

ఆ తెర పేరు 'వీ ఫీల్ ఫైన్'. దానిని తయారుచేసినవారు జొనాథన్ హారిస్, సెప్ కమ్వార్ అనే ఇద్దరు అమెరికన్లు. నలుగురూ చదివేలా జనం రాసుకున్న మాటల్లోంచి మనోభావాలను ఏరి, వాటితో యంత్రం చేత బొమ్మ గీయించే కళకు ఈనాటికీ మొదట గుర్తుకు వచ్చే ఉదాహరణ ఇదే. ఈ కళ చరిత్ర పెద్దదేమీ కాదు, పాతికేళ్ళ లోపుది. కానీ ఆ కొద్ది కాలంలోనే అందులో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. మొదట్లో మనిషి రాసిన వాక్యం మన కళ్ళ ముందు ఉండేది. తరువాత తరువాత వాక్యం తప్పుకుని దాని స్థానంలో ఒక అంకె వచ్చి కూర్చున్నది. ఈ మార్పు ఎలా జరిగిందో, దానివల్ల మనం కోల్పోయినదేమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

* * *

ఈ కళకు రెండు వేర్లు ఉన్నాయి. మొదటిది జర్మనీలో ఉన్నది. 1965 ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్ నగరంలో, తత్వవేత్త మాక్స్ బెన్జె ఆధ్వర్యంలో, గియోర్గ్ నేస్ అనే ఆయన కంప్యూటరు చేత గీయించిన రేఖాచిత్రాలను ప్రదర్శించాడు. కంప్యూటరు బొమ్మలకు జరిగిన తొలి ప్రదర్శనల్లో ఇది ఒకటి. ఇందులో కళాకారుడు బొమ్మ గీయడు, బొమ్మ గీసే సూత్రాన్ని రాస్తాడు. మన ముగ్గులతో పోల్చి చూడవచ్చు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు, గీత ఏ చుక్కను చుట్టి రావాలి అన్న నియమం ముందే ఉంటుంది. అయితే ముగ్గులో ఆ నియమాన్ని పాటించేది చెయ్యి, ఇక్కడ యంత్రం. సూత్రం ఒక్కటే అయితే బొమ్మ కూడా ఎప్పుడూ ఒక్కలాగే వస్తుంది కనుక, నేస్ వంటివారు అందులో యాదృచ్ఛిక సంఖ్యలను కలిపారు. పాచికలు వేసినట్లు వచ్చే ఆ సంఖ్యలు గీతను ఎక్కడ వంచాలో, ఎంత వంచాలో నిర్ణయించేవి. దీనినే జెనరేటివ్ కళ అన్నారు.

రెండవ వేరు మాటల లెక్క. 1960లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ స్టోన్ బృందం, ఒక రచనలోని పదాలను కంప్యూటరు చేత వర్గాలుగా విడగొట్టించి లెక్కించే 'జనరల్ ఇంక్వైరర్' అనే పద్ధతిని తయారుచేసింది. 1999లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ బ్రాడ్లీ, పీటర్ లాంగ్ సుమారు వెయ్యి ఇంగ్లీషు పదాలకు మార్కులు వేయించారు. ఈ పదం వింటే మీకు ఎంత ఆహ్లాదం, ఎంత ఉద్వేగం, మీ మనసు ఎంత మీ అదుపులో ఉన్నట్లు తోస్తుంది అని మనుషులను అడిగి, ఒకటి నుంచి తొమ్మిది వరకూ ఉన్న కొలబద్ద మీద వారు చెప్పినదానికి సగటు కట్టారు. ఈ పట్టికను చేసినవారు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, వారి ప్రయోజనం వారిది. కానీ ఆ పట్టిక తరువాతి కథలో మళ్ళీ ఎదురవుతుంది కనుక పాఠకులు దానిని గుర్తుపెట్టుకోవాలని మనవి.

* * *

ఈ రెండు వేర్లూ కలవడానికి కావలసిన మూడవ వస్తువు, జనం రాసుకునే మాటలు, అంతర్జాలం వచ్చాక కుప్పలు తెప్పలుగా దొరకసాగింది. దానిని మొట్టమొదట గొప్ప కళగా మలచినది 'లిజనింగ్ పోస్ట్'. మార్క్ హాన్సెన్ గణాంక శాస్త్రజ్ఞుడు, అప్పట్లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తుండేవాడు. బెన్ రూబిన్ ధ్వనితో పనిచేసే కళాకారుడు. వీరిద్దరూ కలిసి 231 చిన్న చిన్న తెరలను పదకొండు వరుసలుగా, వరుసకు ఇరవై ఒకటి చొప్పున, ఒక వంపు తిరిగిన జాలీలా వేలాడదీశారు. చాట్ గదుల్లోనూ బహిరంగ చర్చా వేదికల్లోనూ జనం రాస్తున్న మాటలను ఒక ప్రోగ్రాము ఏరి తెచ్చేది. అవి ఆ తెరల మీద మెరిసేవి. యంత్రం గొంతు వాటిలో కొన్నింటిని చదివేది. ఒక ఘట్టంలో 'నేను' అని మొదలై, 'ఫలానా' అని తనను గురించి చెప్పుకునే వాక్యాలు మాత్రమే వచ్చేవి. చీకటి గదిలో నిలబడి, ఊరూ పేరూ తెలియని మనుషులు ఒకరి వెంట ఒకరు "నేను... నేను..." అని తమను తాము పరిచయం చేసుకోవడం వినడమన్నమాట. 2002 డిసెంబరులో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో దీనిని ప్రదర్శించారు. 2004లో ఆస్ట్రియాలోని ఆర్స్ ఎలెక్ట్రానికా సంస్థ దీనికి తన అత్యున్నత బహుమతి ఇచ్చింది.

నేస్ బొమ్మల్లో అనూహ్యత పాచికల నుంచి వచ్చింది. 'లిజనింగ్ పోస్ట్'లో అది మనుషుల నుంచి వచ్చింది. తరువాతి క్షణంలో ఏ వాక్యం వస్తుందో దానిని తయారుచేసినవారికి కూడా తెలియదు. కానీ ఆ వాక్యం వెనుక ఒక మనిషి ఉన్నాడని చూసేవారందరికీ తెలుసు. ఈ కళ బలమంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

ఇదే కాలంలో మనోభావాన్ని విడిగా అడిగి పుచ్చుకునే అలవాటు కూడా మొదలైంది. 1999లో మొదలైన 'లైవ్‌జర్నల్' అనే బ్లాగుల సైటులో, టపా రాసేవారు తమ ప్రస్తుత మనఃస్థితి ఏమిటో ఒక పట్టికలోంచి ఎంచుకునే వీలు ఉండేది. ఆ పట్టికలో నూటికి పైగా మనఃస్థితులు ఉండేవి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు 2005లో వాటిని సేకరించి, జనం మనఃస్థితి గంట గంటకూ ఎలా మారుతున్నదో రేఖాచిత్రాలుగా గీసి చూపారు. అయితే పట్టికలోంచి ఎంచుకున్న మాట వేరు, మనిషి తనంతట తాను రాసిన వాక్యం వేరు. హారిస్, కమ్వార్ ఇద్దరూ రెండవదానినే ఆశ్రయించారు.

* * *

'వీ ఫీల్ ఫైన్' పనిచేసే తీరు వింటే, ఇంతేనా అనిపిస్తుంది. 2005 ఆగస్టు నుంచి ఒక ప్రోగ్రాము కొద్ది నిమిషాలకొకసారి కొత్త బ్లాగు టపాలన్నింటినీ గాలిస్తూ ఉండేది. దాని వెదుకులాట రెండే రెండు మాటల కోసం. "ఐ ఫీల్", "ఐ యామ్ ఫీలింగ్". ఆ మాటలు కనిపించగానే అవి ఉన్న వాక్యాన్ని పూర్తిగా ఎత్తి దాచుకునేది. ముందే తయారుచేసుకున్న సుమారు ఐదు వేల భావాల జాబితాలో ఏదైనా ఆ వాక్యంలో ఉన్నదేమో చూసేది. బ్లాగరి తన వివరాల పుటలో రాసుకున్న వయసు, ఊరు, స్త్రీయా పురుషుడా అన్నవి దొరికితే జతచేసేది. ఊరు తెలిస్తే ఆ సమయంలో ఆ ఊరి వాతావరణం ఎలా ఉన్నదో కూడా చేర్చేది, ఎండా వానా అన్నది. ఇలా రోజుకు పదిహేను వేల నుంచి ఇరవై వేల భావాలు పోగుపడేవి.

వాటిని చూపడానికి ఆరు రంగస్థలాలు ఉండేవి. మొదటిదాని పేరు 'మ్యాడ్‌నెస్', అంటే పిచ్చి. పైన చెప్పిన చుక్కల పరుగులు అక్కడివే. ఆనందానికి మెరిసే పసుపు, దుఃఖానికి ముదురు నీలం, కోపానికి ఎరుపు, ప్రశాంతతకు లేత ఆకుపచ్చ. వాక్యం ఎంత పొడుగో చుక్క అంత పెద్దది. మరొకచోట వాక్యాలు మాత్రమే ఒకదాని తరువాత ఒకటి పైనుంచి వచ్చేవి. ఇంకొకచోట, టపాలో ఛాయాచిత్రం ఉంటే ఆ వాక్యం ఆ చిత్రం మీద అచ్చయి కనిపించేది. ఇంకొకచోట ఒకే భావం ఉన్నవారందరూ గుంపులు కట్టేవారు.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన భావం ఏమిటని చూస్తే, అది ప్రేమా కాదు, కోపమూ కాదు. 'బెటర్'. మన మాటల్లో "కాస్త నయం". నయం అన్న మాటలో రెండు కాలాలు ఇమిడి ఉన్నాయి. ఇప్పుడు బాగున్నదని చెబుతూనే ఇంతకుముందు బాగాలేదని కూడా చెబుతుంది. లక్షలాది మంది మనుషులు బ్లాగుల ముందు కూర్చుని అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసుకున్నది తాము కోలుకుంటున్నామనే మాట. దీనిని కనుగొనడానికి సూత్రమూ లెక్కా కావలసి వచ్చాయి, నిజమే. కానీ దాని అర్థం తెలియడానికి ఆ వాక్యాలను చదవవలసే వచ్చింది. 2009లో వారు ఈ సేకరణను పుస్తకంగా తెచ్చారు. అప్పటికి పోగుపడిన భావాలు కోటీ ఇరవై లక్షలకు పైమాట.

ఇందులో మరొక మర్యాద ఉన్నది. తెర మీద వచ్చిన ప్రతి వాక్యం నుంచి అది పుట్టిన టపాకు దారి ఉండేది. వాక్యం మీద నొక్కితే అసలు బ్లాగుకు పోవచ్చు, ఆ మనిషికి అంత దిగులు ఎందుకు కలిగిందో చదువుకోవచ్చు. రాసినవారిని ముందుగా అడగలేదన్నది వాస్తవమే. బహిరంగంగా రాసినది కదా అని ఏరుకున్నారు. తన నలుగురు స్నేహితుల కోసం రాసుకున్న మాట ఒక కళాఖండంలో తేలడం అందరికీ ఇష్టమయి ఉంటుందని చెప్పలేం. అయినా ఎత్తుకున్న మాటకు ఇంటి దారి చూపించడమనేది తరువాత వచ్చినవారిలో చాలామంది చేయలేదు.

* * *

భావాలకు రంగులు వేయడం మనకు కొత్త కాదు. భరతుని నాట్యశాస్త్రం ఎనిమిది రసాలకూ ఎనిమిది వర్ణాలు చెప్పింది. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురం రంగు, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. కోపానికి ఎరుపన్న ఒక్కచోట భరతుడూ ఈ అమెరికన్లూ ఏకీభవించారు.

రంగులకన్నా ముఖ్యమైన పోలిక మరొకటి ఉన్నది. భరతుని లెక్కలో భావం ఒంటరిగా రసం కాదు. దానికి కారణమైన విభావం, దానిని బయటపెట్టే అనుభావం, మధ్యలో వచ్చిపోయే సంచారి భావాలు, ఇవన్నీ కలిస్తేనే చూసేవాని మనసులో రసం పుడుతుంది. "నాకు దుఃఖంగా ఉన్నది" అని నటుడు రంగం మీదికి వచ్చి ప్రకటిస్తే ఎవరికీ కన్నీరు రాదు. ఎందుకు దుఃఖమో తెలియాలి, ఆ దుఃఖం అతని నడకలో చూపులో కనిపించాలి. ఈ దృష్టితో చూస్తే 'వీ ఫీల్ ఫైన్' చుక్కలో ఉన్నది భావం పేరు మాత్రమే. చుక్క విచ్చుకుని వాక్యమైతే అందులో అనుభావం కొంత దొరుకుతుంది. వాక్యం నుంచి టపాకు వెళితే విభావం దొరుకుతుంది. అంటే ఈ కళలో రసానికి దారి చుక్క నుంచి వాక్యానికి, వాక్యం నుంచి మనిషికి వెనక్కి నడిచే దారి. ఆ దారి మూసుకుపోతే మిగిలేది రంగు మాత్రమే.

* * *

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సందేహం రావాలి. ఆ సంవత్సరాల్లోనే తెలుగు బ్లాగులు కూడా మొదలయ్యాయి. లేఖినిలో రాసుకుని కూడలిలో చదువుకునే రోజులవి. ఆ టపాల్లోని దిగులూ సంతోషమూ ఈ తెర మీదికి ఎందుకు రాలేదు? ఆ ప్రోగ్రాము ఇంగ్లీషే చదివేది కనుక, అన్నది పైపై సమాధానం. లోతుగా చూస్తే, అది పట్టుకున్న పిడి తెలుగు వాక్యానికి లేనే లేదు.

ఇంగ్లీషులో మనిషి కర్త, భావం అతని స్థితి. తెలుగులో భావమే కర్త, మనిషి దగ్గరికి అది వస్తుంది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది, దిగులు పట్టుకుంది. పోనీ "నాకు బెంగగా ఉంది" అన్న మూసను పిడిగా పెట్టుకుందామంటే, "నాకు చలిగా ఉంది", "నాకు ఆకలిగా ఉంది" కూడా అదే వలలో పడతాయి. అసలు బలమైన భావాన్ని చెప్పేటప్పుడు మనం దాని పేరే ఎత్తము. గుండె చెరువైందంటాము, కడుపు తరుక్కుపోయిందంటాము, ఒళ్ళు మండిందంటాము, ప్రాణం లేచివచ్చిందంటాము. అక్కడ 'నేను' లేదు, భావం పేరూ లేదు. ఉన్నది శరీరం. ఐదు వేల భావాల జాబితా పట్టుకుని వెదికే యంత్రానికి ఈ వాక్యాల్లో ఒక్క భావమూ దొరకదు.

ఇంకొక విచిత్రం ఉన్నది. ఇంగ్లీషు 'ఫీల్' తెలుగులోకి వచ్చాక దాని తీరే మారిపోయింది. "వాడు ఫీలయ్యాడు" అంటే ఏమి అనుభవించాడని మనం అడగము. నొచ్చుకున్నాడని అర్థం. ఇంగ్లీషులో సకల భావాలకూ వాకిలి అయిన మాట, తెలుగులో ఒక్క బాధకే పరిమితమైంది. కనుక "అందరి భావాలు" అని ఆ తెర చూపినవి అందరివీ కావు, ఇంగ్లీషు వ్యాకరణంలో ఇమిడినవారివి. ఇది దాని తయారీదారుల మీద నింద కాదు. భావాలను పోగుచేసే ఏ సాధనమైనా ముందు ఒక భాషను ఎంచుకుంటుంది, ఆ ఎంపికతోనే కొంత వదిలేస్తుంది.

* * *

2006లోనే వచ్చిన ట్విట్టరు జనం రాతను నూట నలభై అక్షరాలకు కుదించింది. పొట్టి మాటలు, లెక్కలేనన్ని. ఒక్కొక్కటీ చదివే వ్యవధి ఎవరికీ లేదు. 2010లో అమెరికాలో నార్త్ ఈస్టర్న్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ముప్పై కోట్ల ట్వీట్లతో ఒక పటం తయారుచేశారు. ట్వీట్లు పెరిగినకొద్దీ రాష్ట్రాలు ఉబ్బుతాయి, మనఃస్థితిని బట్టి రంగు మారుతుంది, పచ్చగా ఉంటే సంతోషం, ఎర్రగా ఉంటే విచారం. తెల్లవారుజామునా, రాత్రి పొద్దుపోయాకా జనం హుషారుగా ఉంటారనీ, తూర్పు తీరం కన్నా పడమటి తీరం సంతోషంగా ఉన్నదనీ తేలింది. మనఃస్థితిని కొలవడానికి వాడినది, పాఠకులను గుర్తుపెట్టుకోమని కోరిన ఆ 1999 నాటి పదాల పట్టికే. చూడడానికి ఆ పటం అందమైనది, ఊపిరి తీసుకుంటున్నట్లు కదులుతుంది. కానీ ఏ రాష్ట్రం మీద నొక్కినా అందులో వాక్యం లేదు.

2012లో లండను ఒలింపిక్స్ సమయంలో క్రీడల మీద వచ్చిన ట్వీట్లను అనుకూలం, ప్రతికూలం అని విడగొట్టి, ఆ లెక్కను 'లండన్ ఐ' అనే రంగులరాట్నం మీద దీపాల రంగులుగా వెలిగించారు. ఊరంతా చూసింది. వెలుగు ఉన్నది, మాట లేదు. మాటలను విడివిడిగా తూచే పద్ధతికి "సంతోషం" ఎక్కడ కనిపించినా సంతోషమే. "చాలా సంతోషించాం లెండి" అని మనవాళ్ళు ఏ స్వరంతో అంటారో దానికి తెలియదు.

అంకె మిగిలాక దానితో బొమ్మే గీయాలన్న నియమం లేదు. 2012 జనవరిలో ఒక వారం పాటు ఫేస్‌బుక్, 6,89,003 మంది చూసే పుటల్లో కొందరికి సంతోషపు టపాలను, కొందరికి విచారపు టపాలను తగ్గించి, దానివల్ల వారు రాసే మాటలు మారుతాయేమో పరిశీలించింది. మార్పు వచ్చింది, అతి స్వల్పంగా. 2014 జూన్‌లో ఈ పరిశోధన వ్యాసం వెలువడినప్పుడు, అడగకుండా మా మనసులతో ప్రయోగమా అని పెద్ద దుమారం లేచింది. అక్కడ కూడా భావాన్ని కొలిచినది పదాల లెక్కే. కళాకారుడి చేతిలో చుక్కకు రంగు వేసిన పనిముట్టూ, సంస్థ చేతిలో పుటను సవరించిన పనిముట్టూ ఒకే జాతివి. తేడా అంతా ఒకచోట వాక్యాన్ని మనకు చూపించారు, మరొకచోట వాక్యాన్ని మననుంచి దాచారు. ఇక 2016 ఫిబ్రవరిలో అదే ఫేస్‌బుక్ ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, విచారం, కోపం అని ఐదు కొత్త బొమ్మలను 'లైక్' పక్కన పెట్టింది. వాక్యంలోంచి భావాన్ని ఏరే శ్రమ కూడా తప్పింది. చదివినవాడే తన భావాన్ని మీట నొక్కి అప్పగిస్తున్నాడు.

* * *

'వీ ఫీల్ ఫైన్' తెర జావా యాప్లెట్‌గా తయారైంది. 2015లో క్రోమూ, 2017లో ఫైర్‌ఫాక్సూ అటువంటివాటిని నడిపే సౌకర్యాన్ని తొలగించాయి. అది వాక్యాలు ఏరుకున్న చోట్లలో ఒకటైన మైక్రోసాఫ్ట్ వారి 'స్పేసెస్' 2011లోనే మూతపడింది. ట్విట్టరు కూడా 2023లో బయటివారి ప్రోగ్రాములకు ఉచితంగా మాటలు ఇవ్వడం మానింది. 'లిజనింగ్ పోస్ట్' ప్రతులు లండను సైన్స్ మ్యూజియంలోనూ, అమెరికాలోని శాన్ హొసే కళా మ్యూజియంలోనూ చేరాయి కానీ, దానికి మాటలిచ్చిన ఆనాటి చాట్ గదులు చాలావరకు లేవు. పుస్తకంగా అచ్చయిన వాక్యాలు మాత్రం ఉన్నాయి. రంగులు మాసినా, చుక్కలు ఆగినా, "కాస్త నయంగా ఉంది" అని ఒక మనిషి రాసుకున్న మాట ఈ రోజు చదివినా అర్థమవుతుంది. 2010 నాటి పటంలో ఒక రాష్ట్రం పచ్చగా ఉన్నదంటే మాత్రం, అందులో ఎవరి సంతోషం ఉన్నదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఈనాటి యంత్రాలు పదాల పట్టికలను దాటి చాలా దూరం వచ్చాయి. వెటకారాన్ని కొంత పసిగడతాయి, ఒళ్ళు మండడం జ్వరం కాదని గ్రహిస్తాయి. రేపు తెలుగు మాటలతోనే ఇటువంటి కళ చేయాలని ఎవరైనా పూనుకోవచ్చు, పూనుకోవాలి కూడా. వారికి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రంగు ఏదైనా వేయండి, లెక్క ఎలాగైనా కట్టండి. వాక్యాన్ని మాత్రం కనిపించనివ్వండి, రాసినవారి అనుమతితో.

ఎందుకంటే, "ఎలా ఉన్నావు?" అని అడిగితే "బాగున్నాను" అనేవారు కొందరు, "బాగానే ఉన్నాను" అనేవారు కొందరు. పట్టికలో రెంటికీ పడేవి ఒకే మార్కులు. కానీ ఆ రెండవ మాట విన్న మనిషి, వెళ్ళబోతున్నవాడల్లా ఆగి, పక్కన కూర్చుని, "ఏమైంది?" అని అడుగుతాడు.